పాట వింటే పాఠం విశాలమవుతుందా?

ప్రశ్న: గాజువాకలో ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. పిల్లలకు ఒక పాఠానికీ మరో పాఠానికీ సంబంధం కనిపించడం లేదు. పాటలు, పద్యాలు వారి ఆలోచనను విశాలం చేస్తాయా? అవి కాలక్షేపమేనని తోటివారు అంటున్నారు.
– ఒక ఉపాధ్యాయిని, విశాఖపట్నం

జవాబు: అమ్మా, కాలక్షేపమన్న మాటను నేను ఒప్పుకోను. గురజాడ ‘ముత్యాల సరములు’ చూడండి. 1910లో హేలీ తోకచుక్కను చూసి జనం అరిష్టమని భయపడిన రోజుల్లో వెలువడిన ఆ గేయంలో ఖగోళశాస్త్రం, సంఘసంస్కరణ, లయ కలిసే నడుస్తాయి. ముందుగా అర్థం చెప్పకుండా, ‘తకిట తకధిమి’ అని మూడు, నాలుగు మాత్రలుగా (మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత కాలం) బల్లపై దరువు వేస్తూ చదివించండి. కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు తాళానిదీ ఆ ఏడు మాత్రల నడకే. తరువాత తరగతిని రెండు జట్లు చేసి, ఒక జట్టు ఏడేసి, మరో జట్టు ఎనిమిదేసి మాత్రలు ఒకే వేగంతో లెక్కిస్తూ తొలి మాత్రకు చప్పట్లు కొడితే, మొదలుపెట్టినప్పుడు కలిసిన చప్పట్లు మళ్లీ 56 మాత్రల తరువాతే కలుస్తాయి. కనిష్ఠ సామాన్య గుణిజం చెవికి వినిపించే క్షణమది, దానికి తొందరపడి పేరు పెట్టకండి, పిల్లలనే కనుక్కోనివ్వండి.

జాలరిపేటలో వల లాగేవారు ‘హైలెస్సా’ అని ఒక్క గొంతుగా ఎందుకు పలుకుతారో కూడా అడగండి. అందరి బలం ఒకే క్షణంలో పడాలన్న భౌతికశాస్త్రం అందులో ఉంది.

ఆ తోకచుక్క 1986లో వచ్చింది, మళ్లీ 2061లో వస్తుంది. అప్పటివారు మన నమ్మకాలలో వేటిని చూసి ఆశ్చర్యపోతారో అదే నడకలో నాలుగు పాదాలు రాయించండి. వాటికి మాత్రం మార్కులు వేయకండి.