గేటు దగ్గరే వెనక్కి పంపితే ఆ రోజు జీతం సంగతేంటి?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ ఫిట్టర్. పాశమైలారంలో ఓ ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద 14 నెలలుగా చేస్తున్నాడు. మధ్యాహ్నం 2 గంటల షిఫ్టుకు వెళ్తే నెలలో మూడు నాలుగుసార్లు ‘మెటీరియల్ రాలేదు, వెళ్లిపో’ అంటున్నారు. ఆ రోజులకు ఆబ్సెంట్ వేస్తున్నారు. మానిపించమంటారా? - ఓ తల్లి, సంగారెడ్డి

జవాబు: మానిపించే మాట తర్వాత, ముందు రావాల్సిన డబ్బు అడగనివ్వండమ్మా. ముడిసరుకు రాకో, కరెంటు లేకో, మిషన్ చెడిపోయో యాజమాన్యం పని ఇవ్వలేకపోతే చట్టం దాన్ని లేఆఫ్ అంటుంది. ఆబ్సెంట్ వేయడం తప్పు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ రక్షణ, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. హాజరు పట్టీ అయిన మస్టర్ రోల్‌లో పేరున్న కార్మికుడు వేళకు హాజరై రెండు గంటల్లో పని దొరక్కపోతే ఆ రోజంతా లేఆఫే. బేసిక్, డీఏ కలిపి అందులో సగం పరిహారంగా ఇవ్వాలి.

ఆ రెండూ కలిపి రోజుకు 600 అనుకుందాం. రోజంతా లేఆఫైతే 300. ‘సాయంత్రం 6కి రా’ అని, వచ్చాక పని ఇస్తే మొదటి సగానికి 150, రెండో సగానికి 300, మొత్తం 450. 6కి వెళ్లాక కూడా పని లేదంటే? అప్పుడూ 450 ఇవ్వాల్సిందే. రెండోసారి పిలిచి తిప్పి పంపితే ఆ సగానికి పూర్తి వేతనం కట్టాలి.

పిల్లలు నష్టపోయేది గేటు దగ్గరే. సెక్యూరిటీ గార్డు నోటిమాట విని, పంచ్ కూడా చేయకుండా ఆటో ఎక్కేస్తారు. ఇక వచ్చినట్టు రుజువేదీ? పంచింగ్ చేయమనండి. చేయనివ్వకపోతే సూపర్‌వైజర్‌కు అక్కడి నుంచే వాట్సాప్‌లో ‘1.50కి బి షిఫ్టుకు వచ్చాను, మెటీరియల్ లేదని పని ఇవ్వలేదు, 4 వరకు గేటు దగ్గరే ఉంటాను’ అని పెట్టాలి. లేఆఫ్ వరసగా సాగితే రోజూ ఒకసారి హాజరవ్వాలి, లేదంటే పరిహారం పోతుంది. లీవ్ లెటర్ రాయమంటే మాత్రం రాయొద్దు. రాస్తే తనే సెలవు పెట్టినట్టవుతుంది.

ఈ పరిహారం అందరికీ రాదు. ఫ్యాక్టరీలో కనీసం 50 మంది ఉండాలి, ఏడాది సర్వీసు నిండాలి. బద్లీ (మరొకరి బదులు పనిచేసే), క్యాజువల్ కార్మికులకు వర్తించదు. నియామక పత్రంలో ‘అప్రెంటిస్’ అని ఉంటే లెక్క వేరు, అది స్టైపెండ్ ఒప్పందం. కాబట్టి మీ అబ్బాయి కాగితాల్లో ఏముందో ఈరోజే చూడండి. నడుమ కాంట్రాక్టర్ పేరు మారిందేమో కూడా చూడండి. చాలాచోట్ల సర్వీసు తెగినట్టు చూపేది అలాగే.

పని మొదలయ్యాక నడుమలో పంపేస్తే విషయం వేరు. రోజువారీ కనీస వేతనం మీద ఉన్నవారికి, పని చూపలేకపోవడం యాజమాన్యం లోపమైతే, వేతనాల కోడ్ ప్రకారం పూర్తి రోజు వేతనం రావాలి.

ముందుగా, పని లేదని పంపేసిన తేదీలు రాసి కాంట్రాక్టర్‌కు లిఖితపూర్వకంగా అడిగి, నకలు ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌కు ఇవ్వండి. కాంట్రాక్టర్ వేతనం ఎగ్గొడితే ఆ భారం ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే ఫ్యాక్టరీ యాజమాన్యం మీద పడుతుంది. ఉలుకూ పలుకూ లేకపోతే పేస్లిప్పులు, మెసేజ్‌ల ప్రింట్లతో జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి.

వేరే ఉద్యోగం ఇప్పటి నుంచే వెతకొచ్చు. ఆఫర్ చేతికి రాకుండా రాజీనామా వద్దు. కొత్త చోట, పరిహారానికి కావాల్సిన ఏడాది సర్వీసు లెక్క మళ్లీ మొదటి రోజు నుంచే మొదలవుతుంది.