ఫంక్ బేస్ వాయించేవారికి కెరీర్ ఉంటుందా? లారీ గ్రాహం కథతో ఒక జవాబు

పాట పాడినవారి పేరు అందరికీ తెలుస్తుంది, గిటార్ సోలో వాయించినవారి పేరూ తెలుస్తుంది, మరి అడుగున మంద్రస్వరాలు పలికించే బేస్ గిటార్ వాయించేవారి జీవితం ఎలా ఉంటుంది, అందులోనూ జనాన్ని ఆడించే తాళప్రధానమైన అమెరికన్ సంగీతం ఫంక్‌లో, అని ఒకరు అడిగారు. కెరీర్ ఉంటుంది. కానీ బేస్ ఒక్కదానితోనే ఇల్లు గడిచేది కొద్దిమందికే. నేను కాలిఫోర్నియాలో పగలు కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, కొన్నేళ్లపాటు వారాంతాల్లో ఓక్లాండ్ చుట్టుపక్కల ఒక ఫంక్ బ్యాండులో బేస్ వాయించాను. నా అనుభవం కంటే, అదే ఊళ్లో పెరిగిన ప్రసిద్ధ బేస్ వాద్యకారుడు లారీ గ్రాహం కథ మీ ప్రశ్నకు మెరుగైన జవాబు చెబుతుంది. మధ్యమధ్యలో నా గోడు కూడా వినిపిస్తాను.

గ్రాహం 1946లో టెక్సాస్‌లోని బోమాంట్‌లో పుట్టాడు, చిన్నప్పుడే ఓక్లాండ్ చేరాడు. తల్లి డెల్ గ్రాహం పియానో వాయిస్తూ పాడేది. ఆమె బృందంలో కుర్రవాడిది గిటార్. ఒక క్లబ్బులో ఉన్న ఆర్గన్ అనే కీబోర్డు వాద్యానికి కాలితో తొక్కే బేస్ పెడల్స్ ఉండేవి. చేతులతో గిటార్, కాళ్లతో బేస్ వాయిస్తూ నెట్టుకొచ్చాడు. ఒకరోజు ఆర్గన్ పాడైంది. అది బాగయ్యే వరకేనని శాన్ లియాండ్రోలోని ఒక దుకాణంలో బేస్ గిటార్ అద్దెకు తెచ్చుకున్నాడు. ఆర్గన్ బాగవలేదు. తర్వాత డ్రమ్మర్ కూడా లేకుండా పోయాడు. ఇక మిగిలింది తల్లీకొడుకులే. డ్రమ్ము లేని లోటు పూడ్చడానికి అతను కాలితో మోగించే కిక్ డ్రమ్ముకు బదులు బొటనవేలితో తీగను కొట్టాడు, పదునుగా మోగే స్నేర్ డ్రమ్ముకు బదులు వేలితో తీగను లాగి వదిలాడు. ఇవాళ ప్రపంచమంతా ‘స్లాప్’ అని పిలిచే పద్ధతి అలా పుట్టింది. ఆయన మాత్రం దాన్ని ‘థంపింగ్ అండ్ ప్లకింగ్’ అంటాడు. తనను తాను గిటారిస్టుననే అనుకుంటూ ఉండటం వల్ల, బేస్ ఇలాగే వాయించాలన్న నియమం ఏదీ అతని తలకెక్కలేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే సంగతి అదే.

స్లాప్ చూడటానికి సర్కస్‌లా ఉంటుంది గానీ అసలు పని ఎడమ చేతిది. కుడి బొటనవేలి కణుపు పక్కన ఉన్న ఎముకతో, గిటార్ మెడ మీది లోహపు మెట్లు (ఫ్రెట్లు) ముగిసేచోట తీగను కొట్టి వెంటనే వెనక్కి తీయాలి. ఒక్క క్షణం ఎక్కువసేపు ఆనితే మోత చచ్చిపోతుంది. చూపుడువేలిని సన్నతీగ కిందికి దూర్చి లాగి వదిలితే అది ఫ్రెట్లకు తగిలి ఠప్పుమంటుంది. ఇంత జరుగుతున్నప్పుడు మిగతా తీగలు మోగకుండా ఎడమచేతి వేళ్లు వాటిని నొక్కీ నొక్కకుండా పట్టి ఉంచాలి. మొదటి నెలల్లో నా బొటనవేలి పక్కన బొబ్బ లేచి, చితికి, చివరికి కాయ కట్టింది. కుడిచేతి పని నొప్పి పుట్టించినా త్వరగానే అర్థమైంది. ఎడమచేతి నిశ్శబ్దం పట్టుబడటానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఫంక్‌లో ఎక్కడ వాయించామన్నదానికంటే ఎక్కడ ఆపామన్నదే జనాన్ని ఆడిస్తుంది.

గ్రాహం వాయింపు విని గాయకుడు, పాటల రచయిత స్లై స్టోన్ అతన్ని తన బ్యాండులోకి తీసుకున్నాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి వాయించిన ‘స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్’ ఆ రోజుల్లో ఒక వింత. 1969 ఆగస్టులో ఉడ్‌స్టాక్ సంగీతోత్సవంలో తెల్లవారుజామున లక్షలాది జనాన్ని లేపి నిలబెట్టారు. ఆ ఏడాది చివర విడుదలై 1970లో అమెరికాలో మొదటి స్థానానికి చేరిన ‘థాంక్యూ’ పాట మొత్తం గ్రాహం బొటనవేలి మీదే నడుస్తుంది. ఆ బేస్ తీసేస్తే పాటలో ఏం మిగులుతుందో మీరే ఊహించుకోండి. అయినా రచయితగా నమోదైన పేరు స్లై స్టోన్ ఒక్కడిదే. బేస్ వాద్యకారుల ఆర్థిక జీవితం మొత్తం ఈ ఒక్క విషయంలోనే ఉంది: రాయల్టీ, అంటే పాట వాడినప్పుడల్లా వచ్చే వాటా డబ్బు, పాట రాసినవారికి వెళుతుంది, బేస్ వరుస ఎంత గొప్పదైనా దాన్ని ‘రాయడం’ కింద లెక్కకట్టే అలవాటు పరిశ్రమకు తక్కువ.

దీనికి ఎదురు ఉదాహరణ ‘షీక్’ బ్యాండులోని బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. 1979లో వచ్చిన ‘గుడ్ టైమ్స్’కు అతను అదే బ్యాండు గిటారిస్టు నైల్ రాజర్స్‌తో పాటు రచయిత కూడా. ఆ బేస్ వరుసనే ఆధారం చేసుకుని అదే ఏడాది ‘రాపర్స్ డిలైట్’ అనే ర్యాప్ పాట వచ్చినప్పుడు, ఇద్దరూ అడిగి మరీ అందులో తమ పేర్లు చేర్పించుకున్నారు. వాయించడమూ కాగితం మీద పేరు ఉండటమూ వేర్వేరు సంగతులని నేను ఏ కుర్రాడికైనా ముందు చెప్పేది ఈ కథతోనే.

మామూలు బ్యాండులో డబ్బు సంగతి ఇంకా పలచన. ఫంక్ బ్యాండు అంటే ట్రంపెట్, శాక్సఫోన్, కీబోర్డు, ఇద్దరు గిటారిస్టులు, గాయనీగాయకులు అన్నీ కలిపి ఎనిమిది తొమ్మిది మంది. బారు యజమాని ఇచ్చినదాన్ని అంతమందికి పంచితే పెట్రోలూ పార్కింగూ పోను భోజనం ఖర్చు మిగిలేది. ఆంప్లిఫయర్ మోసిన నడుం నొప్పి అదనం. నిజం చెప్పాలంటే, బే ఏరియాలో, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్ చుట్టుపక్కల, మనవాళ్ల పెళ్లి రిసెప్షన్లలో సినిమా పాటలు వాయించిన ఒక్క సాయంత్రం, రెండు మూడు ఫంక్ రాత్రుల కంటే ఎక్కువ తెచ్చిపెట్టేది. అక్కడ ‘కొంచెం నెమ్మదిగా వాయించు బాబూ, మాటలు వినపడటం లేదు’ అనే పెద్దమనిషి తప్పకుండా ఒకరుండేవారు. పెద్ద బ్యాండుల్లోనూ సుఖమేమీ లేదు. ఫంక్‌కు పునాది వేసిన గాయకుడు జేమ్స్ బ్రౌన్ తప్పు స్వరానికి, మెరవని బూట్లకు కూడా జరిమానా వేసేవాడు. 1970లో అతని బృందం జీతాల గొడవతో వెళ్లిపోతే, 18 ఏళ్ల బేస్ వాద్యకారుడు బూట్సీ కాలిన్స్ ఆ చోటులోకి వచ్చాడు. ఏడాదికే బయటపడి, తర్వాత జార్జ్ క్లింటన్ బృందంలో నక్షత్రాకారపు బేస్‌తో, మెరుపు కళ్లద్దాలతో తనే ఒక తారగా వెలిగాడు. ఆ వేషం పైపై సరదా అనుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను: వెనక నిలబడే వాద్యంతో ముందుకు రావాలంటే జనం గుర్తుపట్టే ముఖం ఉండాలి.

గ్రాహం 1972లో స్లైని వదిలి ‘గ్రాహం సెంట్రల్ స్టేషన్’ పెట్టుకున్నాడు. 1974లో వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది. ఈలోగా కాలం మారింది. 1977లో జార్జ్ క్లింటన్ బ్యాండు ‘పార్లమెంట్’ ఆల్బమ్‌లో వచ్చిన ‘ఫ్లాష్‌లైట్’ పాటలో బేస్ గిటారే లేదు. బర్నీ వోరెల్ ఆ బేస్ వరుసను మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద వాయించాడు. ఒకే మనిషి కీబోర్డుతో పని తేల్చగలిగితే తొమ్మిది మందిని ఎవరు పోషిస్తారు? 1980లో గ్రాహం ‘వన్ ఇన్ ఎ మిలియన్ యూ’ అనే నెమ్మదైన ప్రేమపాట పాడాడు. పాట శామ్ డీస్‌ది. అమెరికా పాప్ పట్టికలో అది తొమ్మిదో స్థానం దాకా వెళ్లింది. బేస్ చరిత్రను మలుపు తిప్పిన మనిషికి సొంత పేరుతో దక్కిన అతిపెద్ద విజయం గొంతు వల్ల వచ్చింది. 1990ల చివర్లో, చిన్నప్పటి నుంచి అతన్ని ఆరాధించిన పాప్ తార ప్రిన్స్ పిలిచి తన వేదికల మీద నిలబెట్టడంతో కొత్త తరం అతన్ని చూసింది.

అందుకే అడిగినవారికి నేను చెప్పేది: బొటనవేలితో పాటు గొంతునూ సాధన చేయండి, పాటలు కట్టడం నేర్చుకోండి, పాట పుట్టినరోజునే ఎవరి వాటా ఎంతో రాసుకోండి. బేస్ కొనేటప్పుడు ఖరీదైనదాని కోసం వెతక్కండి. మధ్యరకం బేస్, కొత్త స్టీలు తీగలు, లయ తప్పకుండా టిక్కుమనే మంచి మెట్రోనోమ్ చాలు. వినడం మొదలుపెట్టాలంటే స్లై బ్యాండు పాట ‘డాన్స్ టు ద మ్యూజిక్’ పెట్టండి. అందులో వాద్యాలు ఒక్కొక్కటిగా చేరతాయి: ముందు డ్రమ్ము, తర్వాత గిటార్, ఆ తర్వాత గ్రాహం తన లోతైన గొంతుతో తన బేస్‌ను తనే పరిచయం చేసుకుంటాడు. అక్కడికి రెండుసార్లు వెనక్కి జరిపి, బేస్ రాకముందు పాట ఎలా ఉందో, వచ్చాక ఎలా మారిందో గమనించండి. ఫోను స్పీకరులో ఆ లోతైన శబ్దాలు సరిగ్గా వినపడవు, హెడ్‌ఫోన్లు తప్పనిసరి.