గడువు తీరాకే సర్కారు రైలు

ప్రశ్న: బ్రిటన్‌లో ప్రయాణికుల రైళ్లను జాతీయం చేసే బిల్లును పార్లమెంటు సరిగ్గా పరిశీలించిందా? కంపెనీలకు పరిహారం ఇవ్వాలా?
– ఓ పాఠకుడు, గుంతకల్లు, అనంతపురం జిల్లా

జవాబు: రైళ్లు నడిపే ప్రైవేటు కంపెనీలతో సర్కారు చేసుకున్న ఒప్పందాన్ని మధ్యలో తెంచితేనే పరిహారం గొడవ. అందుకే గడువు తీరగానే సర్వీసు ప్రభుత్వ సంస్థకు వచ్చేలా చట్టం రాశారు. బిల్లు 2024 జులై 18న దిగువ సభ కామన్స్‌కొచ్చింది. క్లాజులవారీ చర్చ, మూడో పఠనం (ఆ సభలో ఆఖరి దశ) రెండూ సెప్టెంబరు 3నే ముగించేశారు. ఇంత పెద్ద మార్పుకు ఆ ఒక్క రోజు ఏమాత్రం చాలదు. సేవల మెరుగుదలే చట్టం ధ్యేయమని ఎగువ సభ లార్డ్స్ చేర్చిన క్లాజును కామన్స్ తోసిపుచ్చింది. నవంబరు 28న రాజామోదం లభించింది. గూడ్సు రైళ్లు దీని పరిధిలో లేవు. మీ గుంతకల్లులోలా బ్రిటన్‌లో బోగీలన్నీ సర్కారువి కావు. అక్కడ చాలావాటికి లీజు కంపెనీలకు అద్దె కట్టాల్సిందే.