స్క్రీన్ రీడర్ నోరు మూస్తే, ప్రెస్ పీడీఎఫ్ చదవకపోతే
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

విజయవాడ, గుంటూరుల నుంచి ఈ నెల అందిన ప్రశ్నలివి. జవాబులు విండోస్ 11, దానిలో ఎన్‌వీడీఏ (తెర మీద ఉన్నదాన్ని చూపు లేనివారికి పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్) వాడేవారిని దృష్టిలో పెట్టుకుని రాశాం. కీల పేర్లలో ఎన్‌వీడీఏ అని వచ్చినచోటల్లా ఇన్సర్ట్ నొక్కండి. సెట్టింగుల్లో క్యాప్స్ లాక్ పెట్టుకున్నవారు అదే వాడొచ్చు.

ప్రశ్న: లాప్‌టాప్ ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తోంది. తమ్ముడు కాలేజీ నుంచి వచ్చేదాకా మూసిపెట్టుకుని కూర్చుంటున్నాను. నా అంతట నేను సరిచేసుకునే దారి ఉందా?
– పోటీ పరీక్షల అభ్యర్థిని, పటమట, విజయవాడ

జవాబు: ఉందమ్మా, తమ్ముడి కోసం ఆగనక్కర్లేదు. ముందుగా తేల్చుకోవలసింది, పోయింది ఎన్‌వీడీఏ గొంతా, మొత్తం కంప్యూటర్ శబ్దమా అన్నది. విండోస్, కంట్రోల్, ఎంటర్ మూడూ కలిపి నొక్కండి. విండోస్‌తో పాటే వచ్చే నెరేటర్ లేస్తుంది. అది మాట్లాడితే స్పీకర్లు బాగానే ఉన్నట్టు, చిక్కు ఎన్‌వీడీఏలో ఉన్నట్టు. అదే మూడు కీలు మళ్లీ నొక్కి నెరేటర్‌ను ఆపేయండి. రెండూ ఒకేసారి మాట్లాడితే ఏదీ అర్థం కాదు.

ఎన్‌వీడీఏ మూగబోవడానికి మేం ఎక్కువగా చూసే కారణం, తెలియకుండా ఇన్సర్ట్ ఎస్ నొక్కడం. అది స్పీచ్ మోడ్ మార్చే కీ. ఒక మోడ్‌లో మాటే ఉండదు, ఒకదాంట్లో బీప్‌లు మాత్రమే వస్తాయి, మరోదాంట్లో మీరు అడిగితే తప్ప పలకదు. ఇన్సర్ట్ ఎస్ ఒకసారి నొక్కి, రెండు క్షణాలు ఆగి, మళ్లీ నొక్కండి. ‘టాక్’ అని వినపడగానే ఆపండి. గబగబా నొక్కితే సరైన మోడ్‌ను దాటి పోతారు.

ఒక్క ప్రోగ్రాంలోనే మౌనంగా ఉండి, ఆల్ట్ ట్యాబ్‌తో ఇంకోదానికి వెళ్తే మాట్లాడుతోందా? అప్పుడది స్లీప్ మోడ్. ఆ ప్రోగ్రాంలోకి తిరిగి వెళ్లి ఎన్‌వీడీఏ, షిఫ్ట్, ఎస్ నొక్కండి. ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో లాప్‌టాప్ కీబోర్డు లేఅవుట్ పెట్టుకున్నవారికి ఎస్ బదులు జెడ్.

ఈ రెండూ కాకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎన్ నొక్కి ఎన్‌వీడీఏను మళ్లీ మొదలుపెట్టండి. ఈ కీ పనిచేసేది డెస్క్‌టాప్ మీది ఎన్‌వీడీఏ షార్ట్‌కట్ వల్లే. ఇంట్లో ఎవరైనా ‘డెస్క్‌టాప్ శుభ్రం చేశాం’ అని ఆ షార్ట్‌కట్ తీసేస్తే కీ కూడా పోతుంది. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. షార్ట్‌కట్ లేనప్పుడు విండోస్ ఆర్ నొక్కి, ఎన్, వి, డి, ఏ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కినా లేస్తుంది.

మొదలయ్యే రాగం వినిపించి మాట రాకపోతే గొంతు సెట్టింగు చెడిపోయినట్టు. ఎన్‌వీడీఏ, కంట్రోల్, ఆర్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్తాయి. ఇది తాత్కాలికమే. కొత్తవి భద్రపరిచేదాకా, లేదా ఎన్‌వీడీఏను మూసేదాకా, మీ పాత సెట్టింగులు డిస్కులో అలాగే ఉంటాయి. గొంతు వచ్చాక ఎన్‌వీడీఏ, కంట్రోల్, ఎస్ నొక్కి వేరే సింథసైజర్ (గొంతునిచ్చే సాఫ్ట్‌వేర్) ఎంచుకోండి. కొత్త సెట్టింగులనే ఉంచుకోవాలంటే ఎన్‌వీడీఏ, కంట్రోల్, సి నొక్కి భద్రపరచండి.

నెరేటర్ కూడా పలకకపోతే శబ్దం ఇంకెక్కడికో పోతోంది. పక్కగదిలో ఉన్న బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కో, హెచ్‌డీఎంఐ తీగతో తగిలించిన టీవీకో వెళ్లి ఉండొచ్చు. వాటిని ఆపి, తీగ పీకి, వాల్యూమ్ పెంచే కీ నొక్కి చూడండి. పరీక్షలకు చదివేవారు ఒక యూఎస్‌బీ హెడ్‌సెట్ దగ్గర ఉంచుకోవడం మంచిదని మా గట్టి అభిప్రాయం. దానికి సొంత సౌండ్ కార్డు ఉంటుంది. లాప్‌టాప్ సౌండ్ డ్రైవర్ పాడైనా అది చాలాసార్లు పనిచేస్తుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం అన్నిటికంటే చివర. అంతకుముందు కంట్రోల్ ఎస్ నొక్కండి. మాట లేకపోయినా, అంతకుముందే పేరు పెట్టి దాచిన ఫైలైతే సేవ్ అవుతుంది.

ప్రశ్న: నా కవితల పుస్తకం అచ్చు వేస్తున్నారు. ఏలూరు రోడ్డు ప్రెస్ నుంచి ప్రూఫ్ పీడీఎఫ్ పంపారు. కళ్లున్నవారికి చక్కటి తెలుగు కనిపిస్తోందట. నా కంప్యూటర్ మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా చదువుతోంది. తప్పు నా స్క్రీన్ రీడర్‌దా?
– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: కాదు మాస్టారూ. ఆ పుస్తకం అను ఫాంట్లలో కంపోజ్ అయి ఉంటుంది. తెలుగు డీటీపీలో దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి ఇది. అందులో తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చారు. తెర మీద బొమ్మ ‘క’ అయినా, లోపల దాగిన సంకేతం ఏదో ఇంగ్లీషు అక్షరానిది. స్క్రీన్ రీడర్ బొమ్మను చూడదు, సంకేతాన్నే చదువుతుంది. అన్ని భాషల అక్షరాలకూ విడివిడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో మాత్రం తెలుగుకు తన సొంత స్థానాలున్నాయి.

ఏ ఫైలు ఏ రకమో మీరే పరీక్షించుకోవచ్చు. అక్షరం మీద కర్సర్ ఉంచి, నమ్ లాక్ ఆపి, నంబర్ ప్యాడ్‌లోని 2 వెంటవెంటనే మూడుసార్లు నొక్కండి. లాప్‌టాప్ లేఅవుట్‌లో ఎన్‌వీడీఏ కీతో ఫుల్‌స్టాప్ మూడుసార్లు. ఒక అంకె చెబుతుంది. అది 3072 నుంచి 3199 లోపు ఉంటే నిజమైన తెలుగు యూనికోడ్. వందల్లోనో, అంతకు తక్కువో ఉంటే అను లాంటి పాత ఫాంటు. అసలేమీ చదవకుండా ఖాళీ అంటే ఆ పేజీ స్కాన్ చేసిన ఫోటో.

మీది ప్రూఫ్ కనుక ప్రెస్‌వారిని పీడీఎఫ్ కాకుండా మూల ఫైలు అడగండి. పేజ్‌మేకర్‌లో ఉన్న మ్యాటర్‌ను వర్డ్‌లోకి ఎక్కించి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌తో మార్చి పంపమనండి. డీటీపీ ఆపరేటర్‌కు ఇది కొత్త పనేమీ కాదు. పత్రికలకు, వెబ్‌సైట్లకు వ్యాసాలు ఇలాగే వెళ్తుంటాయి. అను ఏ వెర్షనో అడిగి తెలుసుకోండి. కన్వర్టర్‌లో వేరే వెర్షన్ ఎంచుకుంటే కొన్ని అక్షరాలు తారుమారవుతాయి. అను ఫాంట్లలో వత్తు, గుడి, దీర్ఘం వేర్వేరు ముక్కలు. కన్వర్టర్ వాటిని జతచేసేటప్పుడు సంయుక్తాక్షరాల దగ్గర తడబడుతుంది. ఇంగ్లీషు మాటలు, అంకెలు మధ్యలో వస్తే వాటినీ తెలుగనుకుని మార్చేసే ప్రమాదముంది. అలాంటిచోట తప్పు మీ కవితదా, మార్పిడిదా అని అనుమానం వస్తే ఆ పంక్తి ఆపరేటర్‌కు ఫోన్‌లో చదివి వినిపించి, అసలు పేజీలో ఎలా ఉందో అడగండి.

రెండో దారి ఓసీఆర్, అంటే పేజీ బొమ్మను చూసి అక్షరాలుగా మార్చే పద్ధతి. పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, సందర్భ మెనూలో ‘ఓపెన్ విత్’ నుంచి గూగుల్ డాక్స్ ఎంచుకుంటే పేజీలను చూసి తెలుగు యూనికోడ్‌గా మారుస్తుంది. ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలని గూగుల్ సూచన. పెద్ద పుస్తకమైతే ముక్కలు చేయించండి. రెండు కాలమ్‌ల పేజీలో ఒక కాలమ్ పంక్తి రెండోదానిలో కలిసిపోవచ్చు. ఎన్‌వీడీఏ, ఆర్ నొక్కితే వచ్చే విండోస్ ఓసీఆర్‌ను దీనికి వాడకండి, అందులో తెలుగు లేదు.

అయితే ప్రూఫ్ దిద్దడానికి ఓసీఆర్ పనికిరాదని గట్టిగా చెబుతున్నాం. ‘థ’ లోపలి చుక్క అచ్చులోనే ఎగిరిపోయిందా, ఓసీఆర్ చూడలేకపోయిందా అన్నది మీకు తేలదు. లేని తప్పు దిద్దుతారు, ఉన్న తప్పు వదిలేస్తారు. ఎవరో రాసిన పుస్తకం చదువుకోవడానికైతే ఓసీఆర్ హాయిగా చాలు.

ఇంకొక్క మాట. యూనికోడ్ వచ్చాక కూడా చెవి ఒక్కదాన్నే నమ్మకండి. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ఈస్పీక్ గొంతులో శ, ష దాదాపు ఒకేలా వినపడతాయి. అనుమానమున్న పదాన్ని బాణం కీతో అక్షరం అక్షరం చదవండి. తెలుగుకు, ఇంగ్లీషుకు వేర్వేరు గొంతులు కావాలంటే ఎన్‌వీడీఏ, కంట్రోల్, పి నొక్కి, ‘న్యూ’తో తెలుగు పేరున ఒక ప్రొఫైల్ చేసుకుని, దానిలో ఈస్పీక్ తెలుగు పెట్టండి. ఇన్‌పుట్ జెశ్చర్స్‌లో ఆ ప్రొఫైల్‌కు ఒక కీ కేటాయిస్తే ఒక్క నొక్కుతో మారుతుంది.

ప్రశ్న: సేవ్ చేసిన ఫైలు మర్నాటికి దొరకదు. డౌన్‌లోడ్స్‌లో వెతకడమే పెద్ద పని అవుతోంది.
– జూనియర్ అసిస్టెంట్, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: మీ ఫైలు వన్‌డ్రైవ్ అనే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ (క్లౌడ్)లోకి వెళ్తున్నట్టుంది. కొత్త వర్డ్‌లో కంట్రోల్ ఎస్ నొక్కితే వచ్చే చిన్న పెట్టె చాలాసార్లు క్లౌడ్‌నే చూపిస్తుంది. దాని బదులు ఎఫ్ 12 నొక్కండి. పాత సేవ్ యాజ్ పెట్టె వస్తుంది. ఫైలు పేరుచోట డ్రైవ్, ఫోల్డర్‌తో సహా పూర్తి దారి టైపు చేసి ఎంటర్ నొక్కితే అక్కడికే వెళ్తుంది. శాశ్వతంగా మార్చాలంటే ఆల్ట్ ఎఫ్, తర్వాత టి, అందులో సేవ్ పేజీ. ‘సేవ్ టు కంప్యూటర్ బై డిఫాల్ట్’ దగ్గర టిక్ పెట్టండి. అదే పేజీలో ఆటోరికవర్ 10 నిమిషాలు అని ఉంటుంది, దాన్ని 2 చేయండి. వేసవిలో కరెంటు పోయినప్పుడు తేడా తెలుస్తుంది.

డౌన్‌లోడ్స్‌లో ఫైళ్లు తేదీలవారీగా గ్రూపులు కట్టి ఉంటాయి. ‘ఈ రోజు’ గ్రూపు, ‘పోయిన వారం’ గ్రూపు అంటూ విడిపోతాయి కనుక పేర్ల వరస ఉండదు. గ్రూపు మూసుకుపోతే అందులోని ఫైళ్లు అసలు లేనట్టే ఉంటాయి. సార్ట్ మెనూలో ‘గ్రూప్ బై’ని ‘నన్’ చేయండి. కంట్రోల్, షిఫ్ట్, 6 నొక్కి డీటెయిల్స్ వ్యూలోకి రండి, పేరుతో పాటు రకం, తేదీ, సైజు కూడా వినపడతాయి.

పేరు పెట్టేటప్పుడు తేడా చూపే మాట ముందుండాలి. మీ ఆఫీసు ఫైళ్లన్నీ ‘లెటర్ టు’ అని మొదలైతే ఎల్ నొక్కిన ప్రతిసారీ అన్నీ వినాలి. ‘పెన్షన్’, ‘సెలవు’ లాంటి మాట ముందు పెట్టండి. తేదీ రాస్తే 2025-06-14 లాగా సంవత్సరం, నెల, రోజు వరసలో రాయండి, పేరు వరసే తేదీ వరస అవుతుంది. తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు గానీ, మొదటి అక్షరంతో వెతకాలంటే కీబోర్డును తెలుగులోకి మార్చుకోవాలి, అది మరిచిపోవద్దు. కొన్ని ఫైళ్లను ఏరి తీసేయాలంటే కంట్రోల్ బాణంతో కదులుతూ కంట్రోల్ స్పేస్‌తో ఎంచుకోండి. డిలీట్ కొట్టేముందు ఎన్‌వీడీఏ, ఎండ్‌తో స్టేటస్ బార్ వినండి, లాప్‌టాప్ లేఅవుట్‌లో షిఫ్ట్ కూడా కలపాలి. మూడు ఫైళ్లు అనుకున్నచోట ముప్పై అని చెబితే అప్పుడే ఆగవచ్చు.

ప్రశ్న: బ్రాడీపేటలోని ఒక జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ ఇచ్చి ప్రింట్ తీయించాను. ఇంటికొచ్చాక ఫోల్డర్లన్నీ పోయి షార్ట్‌కట్‌లు మిగిలాయి.
– బి.ఇడి. విద్యార్థి, గుంటూరు

జవాబు: వాటి మీద ఎంటర్ నొక్కకండి, వైరస్ మీ కంప్యూటర్‌లోకి దిగుతుంది. మీ ఫోల్డర్లు చాలావరకు పెన్‌డ్రైవ్‌లోనే దాగి ఉంటాయి. ముందు ఎక్స్‌ప్లోరర్‌లో డ్రైవ్ మీద షిఫ్ట్ ఎఫ్ 10 నొక్కి, వచ్చే మెనూలో విండోస్ యాంటీవైరస్ డిఫెండర్‌తో స్కాన్ చేయించండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఏ, టి, టి, ఆర్, ఐ, బి అని ఒకే మాటగా కొట్టి, స్పేస్, మైనస్ హెచ్, స్పేస్, మైనస్ ఎస్, స్పేస్, మైనస్ ఆర్, స్పేస్, డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, స్టార్, డాట్, స్టార్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, స్లాష్ డి అని ముగించి ఎంటర్ నొక్కండి. డ్రైవ్ అక్షరం తప్పు పడితే వేరే డ్రైవ్ మీద పనిచేస్తుంది, రెండుసార్లు సరిచూసుకోండి.

కొన్ని వైరస్‌లు ఫైళ్లన్నిటినీ పేరు లేని ఒక ఫోల్డర్‌లోకి తోసేస్తాయి. బాణంతో దిగుతున్నప్పుడు పేరేమీ వినపడని ఒక అంశం తగిలితే దాటి పోవద్దు. ఫోల్డర్ అని రకం చెబితే తెరవండి, మీ ఫైళ్లు అక్కడే ఉండొచ్చు. అన్నీ కాపీ చేసుకున్నాక పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. ఇకమీదట షాపుకు ఇచ్చే పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క పీడీఎఫ్ మాత్రమే ఉండనివ్వండి.

ప్రశ్న: ఏదైనా ఇన్‌స్టాల్ చేస్తుంటే సగంలో ఎన్‌వీడీఏ మాట్లాడదు.
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీరు పోర్టబుల్ కాపీ, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా నడిపే ఎన్‌వీడీఏ, వాడుతున్నట్టుంది. అనుమతి అడిగే విండోస్ తెరను అది చదవలేదు. ఎన్‌వీడీఏ టూల్స్ మెనూ నుంచే దాన్ని ఇన్‌స్టాల్ చేసుకోండి.

ప్రశ్న: ఎన్‌వీడీఏ కొత్త వెర్షన్ వేశాక యాడ్ఆన్‌లు పనిచేయడం లేదు.
– భవానీపురం, విజయవాడ

జవాబు: ఏటా వచ్చే మొదటి వెర్షన్, అంటే సంవత్సరం పక్కన చుక్క 1 ఉన్నది, పాత యాడ్ఆన్‌లను (ఎన్‌వీడీఏకు అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రాంలను) నిలిపేయవచ్చు. యాడ్ఆన్ స్టోర్‌లో అప్‌డేట్లు చూడండి. మీ పని ఒక యాడ్ఆన్ మీదే ఆధారపడితే, అది సిద్ధమయ్యేదాకా కొత్త వెర్షన్ వేయకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉన్న మిత్రుడు నా కంప్యూటర్‌ను అక్కడి నుంచే సరిచేయగలడా?
– గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ఆయనా ఎన్‌వీడీఏ వాడేవారైతే చాలా తేలిక. 2025.1 వెర్షన్ నుంచి రిమోట్ సౌకర్యం ఎన్‌వీడీఏలోనే ఉంది. టూల్స్, రిమోట్, కనెక్ట్‌లోకి వెళ్లి, మీ కంప్యూటర్‌ను నియంత్రించనిచ్చే ఎంపిక పెట్టి, ఒక కీ (రహస్య సంకేతం) తయారుచేసి ఆయనకు ఫోన్‌లో చెప్పండి. మీ కంప్యూటర్ మాట ఆయనకు అక్కడ వినపడుతుంది. పూర్తి అధికారం ఇచ్చినట్టే కనుక బాగా తెలిసినవారికే కీ చెప్పండి, పని కాగానే డిస్కనెక్ట్ చేయండి. ఆయన చూపున్నవారైతే విండోస్, కంట్రోల్, క్యూతో క్విక్ అసిస్ట్ వాడుకోండి. దాంట్లో శబ్దం అవతలికి వెళ్లదు. ఎన్‌వీడీఏ టూల్స్ మెనూలోని స్పీచ్ వ్యూయర్ తెరిచి ఉంచితే, ఎన్‌వీడీఏ పలికే ప్రతి మాటా ఆయన తెర మీద చదువుకోగలరు.