రైతు సందేహాలు: ఈసుకుపోతున్న (గర్భస్రావమవుతున్న) గేదెలకు టీకా వేయించవచ్చా?

ప్రశ్న: మా 6 ముర్రా గేదెల్లో రెండు 7వ నెలలో ఈసుకుపోయాయి. వేడి చేసిందనుకుంటున్నాం. బ్రూసెల్లా టీకా అన్నింటికీ వేయించమని మందుల షాపులో చెప్పారు. 5 నెలల పెయ్యదూడ, 10 నెలల పడ్డ, ఒక దున్నపోతు కూడా ఉన్నాయి. వేయించవచ్చా? (రైతు, నల్గొండ జిల్లా)

జవాబు: అన్నింటికీ వద్దు. వేడి అన్న మాట పక్కన పెట్టండి. చూడి చివరి సగంలో వరసగా ఈసుకుపోతుంటే ముందు అనుమానించాల్సింది బ్రూసెల్లా బ్యాక్టీరియాతో వచ్చే బ్రూసెల్లోసిస్‌ రోగాన్నే. అన్నింటి రక్తం తీయించి రోజ్ బెంగాల్ పరీక్ష చేయించండి. ఈసుకుపోయిన వాటికి మూడు వారాల తర్వాత మళ్లీ చేయించాలి.

పసిపిల్లలకు వేసే బీసీజీలాగే ఈ బ్రూసెల్లా టీకా (ఎస్-19) కూడా బలం తగ్గించిన, బతికున్న బ్యాక్టీరియా. అందుకే 4-8 నెలల పెయ్యదూడలకే, జీవితంలో ఒక్కసారే, 2 మి.లీ. చర్మం కింద వేస్తారు. చూడి గేదెకు వేస్తే ఈ టీకాతోనే ఈసుకుపోవచ్చు. దున్నపోతుకు వృషణాలు వాస్తాయి. పెద్ద పశువుకు వేశాక రక్తంలో కనబడేది రోగమో, టీకానో పరీక్షలో తేలదు. మీ పడ్డకు వయసు దాటింది, ఎదకు కట్టించే ముందు పరీక్ష చేయించండి. దున్నపోతుతో దాటించడం ఆపి, కృత్రిమ గర్భధారణ చేయించండి.

షాపులో చెప్పినవారికి పశువు వయసు, చూడి సంగతి అడగాలన్న ఆలోచనే లేదు. ఈ టీకా షాపులో కొని ఇంట్లో వేసుకునేది కాదు. జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద పశువైద్యశాలలో ఉచితంగా వేస్తారు. 2-8 డిగ్రీల్లో ఉంచాలి. కలిపాక ఐసు మీద పెట్టి గంట, మహా అయితే రెండు గంటల్లో వాడేయాలి. సిరంజిలో డెట్టాల్, స్పిరిట్ మిగిలినా, అదే సమయంలో ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చినా టీకా చచ్చి, సూది పొడిచిన బాధే మిగులుతుంది. ఈసుకుపోయిన గేదెలకూ ఆ యాంటీబయాటిక్ పొడిపించకండి, రోగం లోపల దాక్కునే ఉంటుంది.

టీకా వేసేవారికి చేతితొడుగులు, కళ్లజోడు తప్పనిసరి. సూది గుచ్చుకున్నా, కంట్లో పడ్డా వెంటనే కడిగి, సీసా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మనుషులకు ఈ రోగానికి టీకా లేదు. మాయ, ఈసిన పిండాన్ని వట్టి చేతులతో ముట్టకుండా 4 అడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చండి. గర్భిణులను దగ్గరికి రానీయకండి. పాలు మరిగించే తాగండి. ఇంట్లో ఎవరికైనా సాయంత్రం జ్వరం, చెమటలు, కీళ్లనొప్పులు ఉంటే గేదెలు ఈసుకుపోయిన సంగతి డాక్టరుకు చెప్పండి.

5 నెలల పెయ్యదూడకు మాత్రం ఈ వారమే వేయించండి, చెవిపోగు నంబరుతో నమోదు చేయించండి.