పెద్ద ఫర్మ్‌లో చేరకుండా ఆర్కిటెక్ట్‌గా సొంతంగా నిలబడగలమా?

బీఆర్క్ అయ్యాక రెండేళ్లుగా ఫర్మ్‌లో టాయిలెట్ డీటెయిల్సే గీస్తున్నాను, బయటికొస్తే బతకగలనా అని అడిగారు. బతకగలరు. నేను పదేళ్లుగా బతుకుతున్నాను. అయితే ముందే లోగో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ అంటూ కూర్చోకండి. ఇల్లు కొలిచినందుకు డబ్బు అడగడం నేర్చుకోండి.

నా మొదటి సొంత పని కోనసీమలో ఒక మండువా ఇల్లు. ఇంటాయన రిటైరైన మాస్టారు. గోడలకు మోకాలి ఎత్తు దాకా చెమ్మ, పెచ్చులూడిపోతున్నాయి. మూడుసార్లు సిమెంటు పూయించారట, రెండు వానాకాలాలు గడిచేసరికి మళ్లీ అదే కథ. విసిగిపోయి, "పడగొట్టి డూప్లెక్స్ కట్టేద్దాం, ఒక ప్లాన్ గీసివ్వమ్మా" అన్నారు. ముందు ఉన్న ఇల్లు కొలుస్తాను, పాతికవేలు అవుతుంది అన్నాను. "కొలతలకి కూడా డబ్బులా?" అన్నారు. టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయాయి. అయినా తగ్గలేదు.

ఊళ్లో ఒక పాత మేస్త్రిని తోడు తీసుకుని నాలుగు రోజులు టేపు పట్టాను. చెమ్మ ఉన్న ప్రతిచోటా షీటు మీద ఎర్ర పెన్సిల్‌తో గీసుకుంటూ పోయాను. మూడో రోజు చూస్తే వీధి గదులు, హాలు అంతా ఎరుపు. పెరటి వైపు వంటింటి గోడ మాత్రం తెల్లగా మిగిలింది. నూతి పక్కన, రోజూ నీళ్లు పడే గోడ అది! మేస్త్రి దాన్ని గోరుతో గీకి, వేలికి అంటిన తెల్లపొడి చూపించారు. "ఇది గానుగ సున్నం అమ్మా. దీనికి సిమెంటు తగల్లేదు. గోడకి ఊపిరాడుతోంది" అన్నారు.

అసలు సంగతి అదే. పునాదిలోంచి పైకెక్కిన తడిని సున్నం బయటికి ఆరనిస్తుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. ఆ ఎర్రగీతల షీటు మాస్టారి ముందు పరిచాక డూప్లెక్స్ మాట మళ్లీ రాలేదు. సిమెంటంతా చెక్కేసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో సున్నం కలిపి పూశాం. ఆ ఇంట్లో పెళ్లికి వచ్చిన చుట్టాల దగ్గర్నుంచే నాకు తర్వాతి మూడు పనులు వచ్చాయి.

మన దగ్గర ప్లాన్ అంటే ఇనుము కొన్నచోట ఊరికే ఇచ్చే కాగితం అనుకుంటారు. దీనికి సగం బాధ్యత మనదే. పని పోతుందన్న భయంతో మొదటి మూడు స్కెచ్‌లు ఉచితంగా ఇచ్చేది మనమే కదా! చట్టం కాపాడుతుందనీ అనుకోవద్దు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం 'ఆర్కిటెక్ట్' అన్న పేరునే కాపాడుతుంది తప్ప ఆ పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు కూడా డిజైన్ చేయొచ్చు. అంటే వాళ్లు చేయలేనిది మీ చేతిలో ఉండాలి.

నాకు దారి చూపింది తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ పనే. తిరువనంతపురంలో ఆయన పెద్ద ఆఫీసు పెట్టలేదు, సైటులో మేస్త్రీల పక్కన నిలబడి కట్టించారు. ఆయన వాడిన ర్యాట్ ట్రాప్ గోడలో, అంటే ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కట్టే గోడలో, పావు వంతు ఇటుకలు మిగులుతాయి. కాలేజీలో దాన్ని ఒక స్లైడులో చూపించి వదిలేశారు. నాకు వరస పేర్చడం నేర్పింది ఆ కోనసీమ మేస్త్రే.

ఇక డబ్బు సంగతి. ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా రాజీనామా చేయకండి. మొదటి రెండేళ్లు వారానికి రెండు రోజులు ఒక కాలేజీలో స్టూడియో క్లాసులు చెప్పి నేను ఇంటి అద్దె కట్టుకున్నాను. మిగతా ఐదు రోజులూ సైటులోనే.