అచ్చుకు ఇచ్చే ముందు: కార్డు, లెటర్‌హెడ్, కవరుపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా సంస్థకు విజిటింగ్ కార్డు, లెటర్‌హెడ్, కవరు, బిల్లు పుస్తకం అన్నీ ఒకేసారి చేయిస్తున్నాం. డిజైనర్ చూపించిన నమూనాల్లో అన్నింటి మీదా లోగో పెద్దగా ఉంది, అంతకుమించి ఏమీ లేదు. కాస్త కొత్తగా కనిపించాలంటే ఏం చేయమంటారు?

జవాబు: లోగో సైజు పెంచితే అది గుర్తుండిపోతుందనుకోవడం పొరపాటు. లోగోలోంచి ఒక ముక్క తీసుకోండి. ఒక వంపు కావచ్చు, ఒక వాలు గీత కావచ్చు. దాన్నే అన్ని చోట్లా వాడండి. లోగోలో 30 డిగ్రీల వాలు ఉందనుకుందాం. లెటర్‌హెడ్ అడుగు గీత, కవరు మూత కోత, బిల్లులో పట్టిక తలభాగం అన్నీ అదే వాలులో ఉండాలి. అప్పుడు లోగోను కార్డు మీద 12 మిల్లీమీటర్ల వెడల్పుకి తగ్గించినా, ఇవన్నీ ఒక ఇంటివేనని చూడగానే తెలుస్తుంది.

కవరు విషయంలో మాకు బాగా నచ్చే పద్ధతి ఒకటుంది. బయట చిరునామా మాత్రమే చిన్న అక్షరాల్లో వేసి, లోపలి వైపంతా మీ రంగులో ఒక డిజైన్ అచ్చు వేయించడం. తెరిచినవాళ్లకు మాత్రమే అది కనిపిస్తుంది. అయితే రెడీమేడ్ కవర్ల లోపల అచ్చు వేయడం కుదరదు. ముందు షీటు మీద అచ్చు వేసి, తర్వాత కోసి, మడిచి, అతికించాలి. కాబట్టి ఈ ఆలోచన ఉంటే ప్రెస్‌కు మొదటిరోజే చెప్పండి.

లెటర్‌హెడ్ వెనక వైపు రంగు వేయించాలనుకుంటే కాగితం కనీసం 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉండాలి, రంగు 15 నుంచి 20 శాతం టింట్‌కు, అంటే నిండు రంగులో అంత వంతుకు, మించకూడదు. లేకపోతే ముందువైపు ఉత్తరం చదువుతుంటే వెనక రంగు తొంగిచూస్తుంది. ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు. మూడు సమభాగాలుగా మడిస్తే ఒక్కో భాగం 99. ఎడమ అంచున పైనుంచి 99, 198 మిల్లీమీటర్ల దగ్గర 4 మిల్లీమీటర్ల సన్నగీతలు మీ రంగులో పెట్టండి. మడత పెట్టేవాళ్లకు అది గుర్తు, చూసేవాళ్లకు అందం. అలా మడిచిన ఉత్తరం 110 × 220 మిల్లీమీటర్ల డీఎల్ కవరులో సరిగ్గా కూర్చుంటుంది.

బిల్లు పుస్తకానికి ఒక్క రంగు చాలు. ముద్ర, సంతకం పడే చోట మాత్రం ఏ డిజైనూ వేయకండి, రంగు మీద ముద్ర పడితే చదవలేరు.

ప్రశ్న: కంప్యూటర్‌లో చక్కటి నీలం కనిపించింది. కార్డు మీద వంకాయ రంగులోకి తిరిగింది. లెటర్‌హెడ్ మీద మరింత వెలిసిపోయినట్టు వచ్చింది. తప్పెవరిది?

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం ఇంకుతో చూపిస్తుంది. తెర మీది కొన్ని నీలాలు, నారింజలు సీఎంవైకే ఇంకులకు (సయాన్ అనే ఆకాశనీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు, నలుపు) అందవు. నీలంలో సయాన్ 100 శాతం, మెజెంటా 90 శాతం ఉంటే అచ్చులో ఊదా వైపు జారుతుంది. రెంటి మధ్య కనీసం 30 తేడా ఉంచండి. సయాన్ 100, మెజెంటా 65 దగ్గర మొదలుపెట్టి ప్రూఫ్ (పరీక్ష అచ్చు) చూసుకోండి.

రెండోది కాగితం గుణం. కార్డు ఆర్ట్ బోర్డు, దానికి పూత ఉంటుంది కాబట్టి ఇంకు పైనే నిలుస్తుంది. లెటర్‌హెడ్ కాగితానికి పూత లేదు, ఇంకును పీల్చేస్తుంది. రంగులకు నంబర్లిచ్చి చూపించే పాంటోన్ పుస్తకాల్లో ఒకే నంబరు పక్కన ‘సి’, ‘యు’ అని కనిపించేది ఇందుకే. సి పూత ఉన్న కాగితానికి, యు పూత లేనిదానికి. ఇంకు ఒక్కటే, కనిపించే తీరు వేరు. నంబరు ఒకటే ఉండాలని పట్టుబట్టకండి. యు పుస్తకంలో మీ కార్డు రంగుకు కంటికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి, నంబరు మారినా ఫరవాలేదు. ప్రూఫ్ కూడా అసలు వాడబోయే కాగితం మీదే అడగండి, పగటి వెలుతురులో చూడండి.

ప్రశ్న: నల్ల కార్డు మీద బంగారు ఫాయిల్‌తో (వేడితో అంటించే మెరుపు రేకు) పేరు వేయించాం. అంచులు తెల్లగా బయటపడ్డాయి, చిన్న అక్షరాలు పూడుకుపోయాయి, కార్డులు కొద్దిగా వంగాయి కూడా.

జవాబు: తెల్ల బోర్డు మీద నలుపు అచ్చు వేస్తే కోసిన అంచున లోపలి తెలుపు కనిపించక తప్పదు, కత్తి మొద్దుబారితే ఇంకు పొరలుగా కూడా రాలుతుంది. గుజ్జులోనే నలుపు కలిపి చేసిన బోర్డు తీసుకోండి. అంచూ నల్లగానే ఉంటుంది, దాని మీద ఫాయిల్ మరింత నిండుగా కనిపిస్తుంది. నల్ల కార్డు కావాలనేవాళ్లందరికీ మేం ముందు చెప్పేది ఇదే.

ఫాయిల్‌లో గీత 0.3 మిల్లీమీటర్ల కంటే సన్నగా, గీతల మధ్య ఖాళీ 0.5 కంటే తక్కువగా ఉండకూడదు. వేడి డై (లోహపు అచ్చు) నొక్కినప్పుడు ఫాయిల్ ఆ ఖాళీని దాటి కలిసిపోతుంది. మీ అక్షరాలు పూడుకున్నది అందుకే. ఫోన్ నంబరు, చిరునామా వంటివి ఫాయిల్‌లో వద్దు, పేరూ లోగో చాలు. ఫాయిల్ భాగాన్ని విడి ఫైలుగా, వెక్టర్‌లో (ఎంత పెంచినా చెదరని గీతల రూపంలో), ఒకే రంగు 100 శాతంగా ఇవ్వాలి.

కార్డు వంగిందంటే ఒకవైపే లామినేషన్ (పల్చని ప్లాస్టిక్ ఫిల్మ్ అతికించడం) చేసి ఉంటారు. ఫిల్మ్ లేని వైపు గాలిలోని తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. రెండువైపులా చేయించండి.

ఇంకో మాట. ఫాయిల్, ఎంబాసింగ్ (కాగితాన్ని ఉబ్బెత్తుగా నొక్కడం), స్పాట్ యూవీ (కొన్ని చోట్ల మాత్రమే మెరుపు పూత) మూడూ ఒకే కార్డు మీద పెట్టకండి. దేనికీ విలువ దక్కదు. లేజర్ ప్రింటర్‌లో పెట్టాల్సిన లెటర్‌హెడ్ మీదైతే ఫాయిలూ వద్దు, ఉబ్బెత్తు ఇంకూ వద్దు. ప్రింటర్ లోపలి వేడికి అవి కరిగి రోలర్లకు అంటుకోవచ్చు.

ప్రశ్న: కార్డు మీద క్యూఆర్ కోడ్ పెట్టాం. కొన్ని ఫోన్లలో తెరుచుకోవడం లేదు.

జవాబు: పేరు, ఫోన్లు, ఈమెయిల్, చిరునామా అన్నీ కోడ్‌లోనే నింపి ఉంటారు. సమాచారం పెరిగేకొద్దీ గళ్లూ పెరుగుతాయి. కోడ్ సైజులను వెర్షన్లంటారు: వెర్షన్ 2 కోడ్‌లో వరసకు 25 గళ్లు, వెర్షన్ 10లో 57. చుట్టూ నాలుగేసి గళ్ల తెల్ల ఖాళీ తప్పనిసరి కాబట్టి 57 కాస్తా 65 అవుతుంది. 20 మిల్లీమీటర్ల చోటులో ఒక్కో గడి 0.3 మిల్లీమీటరే. ఇంకు కొంచెం పాకినా కోడ్ చెడుతుంది. దాని బదులు చిన్న వెబ్ లింకు ఒక్కటే పెట్టండి. అది వెర్షన్ 2లో పడితే అదే చోటులో గడి 0.6 దాకా వస్తుంది. వివరాలు మారినా ఆ పేజీలో దిద్దుకోవచ్చు, కార్డులు పారేయనక్కర్లేదు. ముదురు నేల మీద తెల్ల కోడ్ వేయకండి, కొన్ని స్కానర్లు చదవలేవు.

ప్రశ్న: పేరు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ వేస్తే తెలుగు చిన్నగా, ఇరుకుగా కనిపిస్తోంది.

జవాబు: రెంటికీ ఒకే పాయింట్ సైజు ఇస్తే తరచూ అలాగే అవుతుంది. తెలుగును పక్కన పెట్టి కంటితో చూస్తూ రెండూ సమంగా అనిపించేదాకా పెంచండి. కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య దూరం అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచండి. ఫైలును కర్వ్స్‌లోకి (అక్షరాలను గీతల బొమ్మలుగా) మార్చాక వత్తులు సరైన చోటే ఉన్నాయా అని అక్షరం అక్షరం చదవండి. తెలుగు రాని ప్రెస్‌లో ఆ తప్పు పట్టుకునేవాళ్లు ఉండరు.